విడిపోయిన శరణార్థి కుటుంబం పరాయి దేశంలో మళ్లీ కలిసేందుకు నెల్లూరు, ఒంగోలు నుంచి ఎలా సాయపడాలి

ఇంటాయన కెనడాకో ఆస్ట్రేలియాకో చేరి అక్కడ శరణార్థిగా గుర్తింపు పొందాడు. భార్యాపిల్లలు మాత్రం మన వీధిలో ఒక గది అద్దెకు తీసుకుని రోజులు లెక్కపెడుతున్నారు. మయన్మార్ నుంచో అఫ్గానిస్తాన్ నుంచో వచ్చిన అలాంటి కుటుంబం మీకు పరిచయమై, "మా ఆయన దగ్గరికి వెళ్లాలంటే ఏం చేయాలి?" అని అడిగితే, మంచి మనసు ఒక్కటే చాలదు. దరఖాస్తు చూసే అధికారికి ఆ ఇల్లాలి కన్నీళ్లు కనబడవు, కాగితాలే కనబడతాయి. పేర్లు, పుట్టిన తేదీలు, పెళ్లి తేదీ, పిల్లల సంఖ్య మొదటి ఫారం నుంచి చివరి ఫారం దాకా ఒకే విధంగా ఉన్నాయా, ఆ కాగితాలు గడువులోపల అందాయా అన్న రెండు ప్రశ్నల మీదే ఫలితం చాలావరకు ఆధారపడి ఉంటుంది. అందువల్ల నెల్లూరులోనో ఒంగోలులోనో కందుకూరులోనో ఉండి మీరు చేయగలిగిన సాయాల్లో డబ్బు, సిఫారసు రెండూ తర్వాతివే. ఓపికగా ఒక ఫైలు తయారుచేసి, అందులో తప్పు దొర్లకుండా కాపాడటమే అన్నిటికన్నా పెద్ద సాయం.

మొదలుపెట్టే ముందు ఆ కుటుంబం అనుమతి తీసుకోండి. వాళ్ల ఫోటోలు, కార్డులు, కథ ఏవీ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు. సాయం కోరే సదుద్దేశంతో పెట్టిన ఫోటో కూడా స్వదేశంలో మిగిలిపోయిన తల్లిదండ్రులకు ప్రాణాంతకం కావచ్చు. ఎవరితో ఏం చెప్పవచ్చో నిర్ణయించుకునే హక్కు వాళ్లదే. కుటుంబంలో నిర్ణయాలు తీసుకునే మనిషి మామగారో మరిదో అయినా, వెళ్లవలసిన స్త్రీతో విడిగా మాట్లాడి, ఆమెకు నిజంగా వెళ్లాలని ఉందో లేదో తెలుసుకోవడం కూడా ఈ అనుమతిలో భాగమేనని నా అభిప్రాయం.

ఎవరి దగ్గర నమోదయ్యారో ముందు తేల్చుకోండి

మన దేశం 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థి ఒడంబడిక మీద సంతకం చేయలేదు, శరణార్థుల కోసం మనకు ప్రత్యేక చట్టమూ లేదు. విదేశీయులందరికీ వర్తించే వలస, విదేశీయుల చట్టం, 2025 అదే ఏడాది సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. ఆచరణలో మాత్రం రెండు దారులున్నాయి. శ్రీలంక తమిళులను, టిబెటన్లను ప్రభుత్వమే నేరుగా చూసుకుంటుంది. మయన్మార్, అఫ్గానిస్తాన్, సోమాలియా వంటి దేశాల వారిని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ, అంటే యూఎన్‌హెచ్‌సీఆర్, ఢిల్లీలోని కార్యాలయంలో నమోదు చేసుకుంటుంది. ఏ దారిలో ఉన్నారో తెలియకుండా ఒక్క ఫారం కూడా నింపవద్దు.

శ్రీలంక తమిళ కుటుంబమైతే, వారి నమోదు దాదాపుగా తమిళనాడు ప్రభుత్వ శిబిరాల్లోనే జరిగి ఉంటుంది. మన సరిహద్దు దాటిన వెంటనే వచ్చే గుమ్మిడిపూండిలో కూడా అలాంటి శిబిరం ఉంది. వారి విషయంలో మీరు పని నేర్చుకుంటూ కూర్చోవడం కంటే, చెన్నైలో ఈళం శరణార్థుల పునరావాసం కోసం దశాబ్దాలుగా పనిచేస్తున్న ఓఫర్ సంస్థకు పరిచయం చేయడం మేలు. స్వచ్ఛందంగా శ్రీలంకకు తిరిగి వెళ్లాలనుకునే వారి కోసం యూఎన్‌హెచ్‌సీఆర్‌కు చెన్నైలోనూ కార్యాలయం ఉంది.

మిగిలిన వారి దగ్గర యూఎన్‌హెచ్‌సీఆర్ ఇచ్చిన కాగితం ఏదో చూడండి. దరఖాస్తు పరిశీలనలో ఉందని తెలిపే ధ్రువపత్రం వేరు, శరణార్థిగా గుర్తించి ఇచ్చే కార్డు వేరు. రెండింటికీ గడువు ఉంటుంది. అది తీరకముందే పొడిగించుకోవాలి. కుటుంబంలోని ప్రతి ఒక్కరి పేరూ అందులో చేరిందా, నమోదు తర్వాత పుట్టిన పాపను చేర్చారా, చిరునామా మారిన సంగతి తెలియజేశారా అన్నవి ఆ రోజే చూసుకోండి. ఇంకా నమోదు కాని వారు ముందుగా ఆ కార్యాలయాన్ని సంప్రదించి, పిలిచిన తేదీకి ఢిల్లీ వెళ్లాలి. నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఆగే జీటీ ఎక్స్‌ప్రెస్ నేరుగా న్యూఢిల్లీ చేరుస్తుంది, కాని చంటిబిడ్డతో ప్రయాణించే స్త్రీకి తోడుగా ఒక మనిషిని పంపగలిగితే మంచిది. నమోదుకు గాని, కార్డుకు గాని, మూడో దేశానికి, అంటే స్వదేశమూ మన దేశమూ కాక పునరావాసం ఇచ్చే మరో దేశానికి, పంపే జాబితాలో పేరు చేర్చడానికి గాని యూఎన్‌హెచ్‌సీఆర్ ఒక్క రూపాయి తీసుకోదు. డబ్బిస్తే జాబితాలో పేరు పైకి జరుగుతుందని చెప్పినవాడు ఎవరైనా మోసగాడే. గల్ఫ్ వీసాల పేరుతో ఏజెంట్ల చేతిలో పొలాలు పోగొట్టుకున్న ఇళ్లు మన వైపు కొత్త కాదు కనుక ఈ మాట ఎక్కువ వివరించనక్కర్లేదు.

మీరు ఆ కుటుంబానికి ఇల్లు అద్దెకిచ్చిన యజమాని అయితే మీకు ఒక చట్టబద్ధమైన బాధ్యత ఉంది. విదేశీయులకు వసతి ఇచ్చినవారు, సీ-ఫారం అని వాడుకలో పిలిచే సమాచారాన్ని 24 గంటల్లోగా విదేశీయుల నమోదు అధికారులకు ఆన్‌లైన్‌లో అందించాలి. జిల్లాలో ఈ వ్యవహారాలు చూసేది ఎస్పీ కార్యాలయం. దాచిపెట్టి ఉంచడం వాళ్లకు మేలు చేసినట్టు అనిపించినా, రేపు దేశం విడిచే అనుమతి అడిగే రోజున వాళ్లు ఇన్నాళ్లూ ఎక్కడున్నారో చెప్పే కాగితం లేకుండా పోతుంది.

మనిషి ఆచూకీయే తెలియకపోతే

కొన్ని కుటుంబాల్లో అసలు సమస్య వీసా కాదు. పారిపోయేటప్పుడు తప్పిపోయిన కొడుకు ఏ దేశంలో ఉన్నాడో, ఉన్నాడో లేడో తెలియదు. దానికి రెడ్‌క్రాస్ నడిపే కుటుంబ సంబంధాల పునరుద్ధరణ సేవ ఉంది. నెల్లూరులో రెడ్‌క్రాస్ అంటే మనకు రక్తనిధి, క్యాన్సర్ ఆసుపత్రి గుర్తుకొస్తాయి. అదే సంస్థకు చెందిన జాతీయ కార్యాలయం, అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీతో కలిసి, యుద్ధాల్లో విడిపోయిన వారిని వెతికే పని కూడా చేస్తుంది. వెతకమని కోరే దరఖాస్తులో తప్పిపోయినవారి పూర్తి పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన ఊరు, ఆఖరిసారి మాట్లాడిన తేదీ, స్థలం రాయాలి. ఊరికి రెండు పేర్లుంటే రెండూ రాయాలి. ఈ సేవ ఉచితం, గోప్యం. ఇక్కడ కూడా ఒక జాగ్రత్త: దొరికిన మనిషి ఒప్పుకుంటేనే అతని చిరునామా ఇస్తారు కాబట్టి, జవాబు రావడం ఆలస్యమైనా కుటుంబాన్ని తొందరపెట్టవద్దు, ఆశ చంపవద్దు.

ఫైలు తయారుచేయడం

ఈ పని మీదే ఎక్కువ కాలం పెట్టండి. ఒక గట్టి అట్ట ఫైలు, ఒక నోటుపుస్తకం తీసుకుని, నోటుపుస్తకం మొదటి పేజీలో కుటుంబ సభ్యులందరి పేర్లు యూఎన్‌హెచ్‌సీఆర్ కార్డులో ఉన్న ఇంగ్లిషు అక్షరాలతో యథాతథంగా, దాని పక్కన వాళ్లు పలికే తీరు తెలుగులో, పుట్టిన తేదీ, పుట్టిన చోటు రాయించండి. ఆ తర్వాత ఏ కార్యాలయంలో ఏ ఫారం నింపినా ఈ పేజీ చూసే నింపాలి, జ్ఞాపకం మీద నింపకూడదు.

ఇది ఎందుకంటే, పేర్లు చెడిపోయేది మన దగ్గరే. బర్మీయులకు ఇంటిపేరు ఉండదు, పెళ్లయినా భార్యకు భర్త పేరు రాదు. పెద్దవారిని పిలిచేటప్పుడు ముందు చేర్చే ఊ, డా, ఈడువారిని పిలిచేటప్పుడు చేర్చే కో, మా అనేవి పేరులో భాగం కావు. పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ రాసే ఉద్యోగికి ఆ సంగతి తెలియదు, వెనక లైను పెరుగుతుంటుంది, ఆమె చెప్పింది తనకు వినబడినట్టు రాస్తాడు. అందుచేత కార్డులో ఖిన్ అయే అని ఉన్న తల్లి, డిశ్చార్జి కాగితంలో మాకినాయి అయి, జనన ధ్రువపత్రం చేతికొచ్చేసరికి మాకినమ్మ అయిపోయే ప్రమాదం ఉంది. పైగా ఇంటిపేరు గడి ఖాళీగా వదలడం ఇష్టంలేని మరో ఉద్యోగి, తండ్రి పేరులోంచి ఒక ముక్క తెచ్చి అక్కడ పెడతాడు. మూడేళ్ల తర్వాత వీసా అధికారి ఈ మూడు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని, ఈ ముగ్గురూ ఒకరే అని నిరూపించమంటాడు. కాబట్టి ఓపీ కౌంటరు దగ్గరే కార్డు జిరాక్సు చూపించి అక్షరాలు దగ్గరుండి రాయించాలి. ఇప్పటికే తప్పు పడి ఉంటే దాన్ని దిద్దించాలి. దిద్దడం కుదరని చోట ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ ముందు ప్రమాణపత్రం చేయించి, తప్పున్న కాగితం వెనకే దాన్ని పెట్టాలి.

అఫ్గాన్ కుటుంబాల్లో చిక్కు పేర్ల కంటే తేదీలతో ఎక్కువ. వారి పాత గుర్తింపు కాగితాల్లో తేదీకి బదులు ఫలానా ఏడాదికి ఇన్నేళ్ల వయసు అని మాత్రమే ఉండవచ్చు, ఆ ఏడాది కూడా వారి సౌరమాన పంచాంగం ప్రకారం ఉంటుంది. వారి 1370 అంటే మన 1991 మార్చి నుంచి 1992 మార్చి వరకు. లెక్క కట్టి మీకు తోచిన తేదీ వేయవద్దు. యూఎన్‌హెచ్‌సీఆర్ కార్డులో ఏ తేదీ ఉందో, విదేశంలోని భర్త తన దరఖాస్తులో ఏ తేదీ ఇచ్చాడో రెండూ సరిపోల్చి, తేడా ఉంటే ముందుగా అక్కడి న్యాయవాదికి తెలపాలి.

ఇక్కడ పుట్టిన పిల్లల సంగతికొస్తే, జనన నమోదు చట్టం తల్లిదండ్రుల పౌరసత్వం చూడదు. మన గడ్డ మీద జరిగిన ప్రతి జననమూ నమోదు కావలసిందే. ఆసుపత్రి కాన్పు అయితే ఆసుపత్రే సమాచారం పంపుతుంది, ఇంట్లో కాన్పు అయితే ఇంటివారు చెప్పాలి. 21 రోజుల్లోపు రుసుము లేదు, 30 రోజుల వరకు స్వల్ప ఆలస్య రుసుముతో సరిపోతుంది, ఆపైన ఏడాది వరకు పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ స్థాయిలో, అంటే మన వాడుకలో ఆర్డీవో దగ్గర, ఉత్తర్వు తెచ్చుకోవాలి. పేరు పెట్టకుండా నమోదై ఉంటే తర్వాత పేరు చేర్పించుకోవడానికి 15 ఏళ్ల వరకు వీలుంది. నెల్లూరు నగరంలో కార్పొరేషన్, పల్లెల్లో పంచాయతీ కార్యదర్శి ఈ పని చూస్తారు. సచివాలయంలో అడిగితే దారి చెబుతారు. ఈ ధ్రువపత్రం బిడ్డ ఎవరి బిడ్డో చెబుతుంది గాని, ఆ బిడ్డను భారత పౌరుడిని చేయదు. 2004 డిసెంబర్ 3 నుంచి పుట్టినవారికి తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు భారత పౌరులై, రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉంటేనే జన్మతః పౌరసత్వం వస్తుంది.

పెళ్లి కాగితం లేని జంటలు చాలామందే ఉంటారు. ఏదో ఒక సర్టిఫికెట్ కావాలి కదా అని ఇక్కడ కొత్తగా మరోసారి పెళ్లి నమోదు చేయించే ఆలోచన ఎవరైనా చెబితే వద్దనండి. పదేళ్ల కిందట పెళ్లయిందని భర్త అక్కడ చెప్పి ఉంటే, నిరుడు పెళ్లయినట్టు ఇక్కడ కాగితం పుడుతుంది. దానికంటే, పెళ్లికి వచ్చినవారి ప్రమాణపత్రాలు, పెళ్లి ఫోటోలు, పిల్లల జనన ధ్రువపత్రాలు, భర్త డబ్బు పంపిన రసీదులు, ఏళ్ల తరబడి ఫోనులో మాట్లాడుకున్నట్టు చూపే వివరాలు ఎంతో బలమైన ఆధారాలు. ఫోను పోయినా సందేశాలు పోకుండా భద్రపరిచే పద్ధతి ఆమెకు నేర్పండి. హవాలా ద్వారా వచ్చిన డబ్బుకు రసీదు ఉండదన్న సంగతి, అది చట్టవిరుద్ధమన్న సంగతి రెండూ చెప్పాలి.

పిల్లల్లో ఎవరైనా చనిపోయిన అన్న కొడుకో, పెంచుకున్న బిడ్డో అయితే ఉన్నది ఉన్నట్టే రాయాలి. కన్నబిడ్డగా రాస్తే పని తేలికవుతుందని చాలామంది అనుకుంటారు. వీసా కార్యాలయం డీఎన్‌ఏ పరీక్ష సూచించిన రోజున ఆ ఒక్క అబద్ధంతో మొత్తం కుటుంబం దరఖాస్తు కుప్పకూలుతుంది. పెంచుతున్న బిడ్డకు సంరక్షకురాలిగా గుర్తింపు కోరే దారి 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జిల్లా కోర్టులో ఉంది. అందుకు న్యాయవాది ఖర్చు భరించలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, ఫోను నంబరు 15100.

బడి కాగితాలను చిన్నచూపు చూడవద్దు. వయసు రుజువు లేదన్న కారణంతో పిల్లలను చేర్చుకోకుండా ఉండటానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. ప్రతి ఏటా ఒక స్టడీ సర్టిఫికెట్ తీసుకుని ఫైల్లో పెడితే, ఆ బిడ్డ ఆ ఏడాది ఎక్కడ ఉన్నాడో, ఎవరి దగ్గర పెరిగాడో చెప్పే ప్రభుత్వ కాగితం తయారైనట్టే. తెలుగులో మాత్రమే ఉన్న కాగితాలకు ఇంగ్లిషు అనువాదం చేయించి, అనువాదకుడి పేరు, సంతకం, తేదీ ఉండేలా చూడండి.

గడువులు

దరఖాస్తు మొదలయ్యేది ఇక్కడ కాదు, విదేశంలో స్థిరపడిన మనిషి దగ్గర. అందుచేత ఆయన ఏ దేశంలో, ఏ హోదాతో, ఏ తేదీన గుర్తింపు పొందాడో నోటుపుస్తకం రెండో పేజీలో రాయండి. ఒక్కో దేశానికి ఒక్కో గడియారం. కెనడాకు పునరావాసం మీద వెళ్లిన శరణార్థి, అక్కడ శాశ్వత నివాసి అయిన నాటినుంచి ఏడాదిలోపు భార్యను, పెళ్లికాని 22 ఏళ్లలోపు పిల్లలను రప్పించుకోవడానికి దరఖాస్తు పెట్టాలి. ఆస్ట్రేలియాలో మానవతా వీసా పొందినవారికి, విడిపోయిన కుటుంబాల కింద, వీసా వచ్చిన ఐదేళ్లలోపు ఆ అవకాశం ఉంది. జర్మనీలో శరణార్థి గుర్తింపు వచ్చిన మూడు నెలల్లోపు కోరిక తెలియజేస్తే ఆదాయం, ఇంటి విస్తీర్ణం వంటి షరతుల నుంచి మినహాయింపు దొరుకుతుంది; అనుబంధ రక్షణ అనే తక్కువ హోదా ఉన్నవారికి మాత్రం 2025 జూలై చివరి నుంచి రెండేళ్లపాటు కుటుంబ పునరేకీకరణ నిలిపివేశారు. బ్రిటన్ 2025 సెప్టెంబర్ 4 నుంచి శరణార్థి కుటుంబాల కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపింది. అమెరికాలో శరణార్థి, ఆశ్రయం పొందిన వ్యక్తి రెండేళ్లలోపు ఐ-730 అనే దరఖాస్తు వేయాలి, అది భార్యకు లేదా భర్తకు, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలకు. కాని 2025 జనవరిలో ఆ దేశం శరణార్థుల ప్రవేశాన్ని నిలిపివేసింది, అదే ఏడాది జూన్‌లో అఫ్గానిస్తాన్, మయన్మార్‌లతో సహా 12 దేశాల పౌరుల మీద ప్రవేశ నిషేధం ప్రకటించింది. ఇవన్నీ మారుతూ ఉండేవి. ఫారం పంపే రోజున ఆ దేశపు ప్రభుత్వ వెబ్‌సైటులో సరిచూడకుండా, ఎవరో చెప్పారని, ఇక్కడ చదివామని పంపవద్దు.

ఈ దేశాలన్నింటిలోనూ గట్టిగా పట్టించుకునే నియమం ఒకటుంది: కుటుంబ సభ్యులందరినీ మొదటి దరఖాస్తులోనే ప్రకటించాలి. వెంట రాకపోయినా, ఆచూకీ తెలియకపోయినా, కడుపులో బిడ్డ ఉన్నా చెప్పాలి. కెనడా, ఆస్ట్రేలియాల్లో అప్పుడు పేరు రాయని భార్యనో బిడ్డనో తర్వాత రప్పించుకోవడం మిక్కిలి కష్టం. దాటించిన దళారి పెళ్లి సంగతి చెప్పవద్దన్నాడని దాచినవారు ఉంటారు. అలాంటి స్థితిలో మరో అబద్ధంతో దాన్ని కప్పే ప్రయత్నం చేయకుండా, విదేశంలోని లైసెన్సు ఉన్న న్యాయవాది ద్వారా నిజం, దానికి కారణం రాతలో పెట్టించాలి. పెద్ద పిల్లల వయసు కూడా కనిపెట్టుకుని ఉండండి. ఇరవై దాటిన కొడుకు, పెళ్లి సంబంధం చూస్తున్న కూతురు ఉన్న ఇంట్లో ఈ మాట ముందే చెప్పకపోతే, వీసా వచ్చే నెలలో పెళ్లి చేసి ఆ పిల్ల అర్హతను పోగొట్టినవారవుతారు.

చేయకూడని పనులు

తొందర పనుల్లో రెండు మరీ ప్రమాదకరం. మొదటిది, తప్పుడు వివరాలతో ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు చేయించడం. కొత్తలో అది సౌకర్యంగా ఉంటుంది, సిమ్ కార్డు దొరుకుతుంది, గ్యాస్ దొరుకుతుంది. ఆ తర్వాత అదే కాగితం ఆ మనిషిని నేరస్థుడిగా నిలబెడుతుంది. శరణార్థిగా ఒక పేరు, పౌరుడిగా మరో పేరు ఉన్న మనిషిని ఏ దేశమూ నమ్మదు. రెండోది, పాస్‌పోర్టు కోసమో పాత జనన ధ్రువపత్రం కోసమో వాళ్ల స్వదేశపు రాయబార కార్యాలయానికి మీరు చొరవ తీసుకుని ఫోను చేయడం. ఏ ప్రభుత్వానికి భయపడి పారిపోయారో ఆ ప్రభుత్వానికే వాళ్ల ఆచూకీ ఇచ్చినట్టవుతుంది, ఆ ప్రభుత్వ రక్షణ మళ్లీ కోరుకున్నారన్న అర్థం వచ్చి శరణార్థి హోదాకే ఎసరు రావచ్చు.

ఇంటర్వ్యూ, వైద్యపరీక్ష, దేశం విడిచే అనుమతి

ఇంటర్వ్యూకు పిలుపు వస్తే జవాబులు కంఠస్థం చేయించవద్దు. మీరు చేయగలిగింది, జరిగిన సంగతులు వరుసగా గుర్తుచేసుకోవడానికి ఆమెకు నిశ్శబ్దంగా ఒక మధ్యాహ్నం వెసులుబాటు ఇవ్వడం. తేదీ గుర్తులేకపోతే గుర్తులేదని చెప్పవచ్చనీ, స్త్రీ అధికారినీ తన భాష మాట్లాడే దుబాసీనీ అడగవచ్చనీ ఆమెకు తెలియాలి. మన బళ్లో చదివి తెలుగు, ఇంగ్లిషు అందుకున్న పన్నెండేళ్ల కూతురు దుబాసీగా అందుబాటులో ఉందని ఆ పిల్లను ముందుకు తోయవద్దు; తల్లి మీద జరిగిన ఘోరాలను కూతురి నోట చెప్పించడం ఇద్దరికీ అన్యాయం, తల్లి ఆ కారణంగానే సగం చెప్పకుండా ఊరుకుంటుంది.

వైద్యపరీక్ష ఆయా దేశాలు గుర్తించిన వైద్యుల దగ్గరే జరగాలి. మనకు దగ్గరివి చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఉంటాయి. అడగకముందే చేయించి డబ్బు పాడుచేయవద్దు, ఫలితానికి గడువు ఉంటుంది. అందరూ భయపడేది ఛాతీ ఎక్స్‌రేకు. మచ్చ కనిపిస్తే కళ్లె పరీక్షకు పంపుతారు, కళ్లెలో క్షయ క్రిములు పెరుగుతాయేమో చూసే ఆ కల్చర్ పరీక్ష ఫలితం రావడానికి ఎనిమిది వారాల దాకా పడుతుంది. క్షయ అని తేలినా వీసా పోయినట్టు కాదు, చికిత్స ముగిసేదాకా వాయిదా పడినట్టు. మందులు ప్రభుత్వ కేంద్రంలో ఉచితం, సాధారణంగా ఆరు నెలలు. ఒక్క రోజు కూడా మానకుండా చూడటం, చికిత్స కార్డు భద్రపరచడం మీరు తోడుండి చేయించగలిగిన పనులు. పిల్లల టీకాల వివరాలున్న తల్లీబిడ్డల కార్డు కూడా వెంట తీసుకెళ్లమనండి.

వీసా వచ్చిందని మిఠాయిలు పంచే ముందు మరో మెట్టు ఉంది. చెల్లుబాటయ్యే వీసా లేకుండా మన దేశంలో ఉంటున్న శరణార్థి, దేశం విడిచి వెళ్లడానికి విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయం నుంచి నిష్క్రమణ అనుమతి పొందాలి. దరఖాస్తు ఆ కార్యాలయపు ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ పోర్టల్‌లో పెడతారు. యూఎన్‌హెచ్‌సీఆర్ కార్డు, వెళ్లబోయే దేశపు వీసా, చిరునామా రుజువు, దేశంలోకి ఎప్పుడు ఎలా వచ్చారో తెలిపే వివరణ అడుగుతారు; పోలీసు విచారణ కూడా ఉండవచ్చు. ఇక్కడ ఆలస్యమైతే వైద్యపరీక్ష గడువు తీరి, దానితో వీసా గడువూ తీరి, కథ మళ్లీ మొదటికొస్తుంది. అందుచేత వీసా చివరి దశకు వచ్చిందని తెలిసిన నాడే ఈ కాగితాలు సిద్ధంగా ఉంచుకోవాలి. పాస్‌పోర్టు లేనివారికి, తీసుకునే దేశం ఒప్పుకుంటే, అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ ఒకే ప్రయాణానికి పనికొచ్చే అత్యవసర ప్రయాణ పత్రం ఉచితంగా ఇస్తుంది. నిష్క్రమణ అనుమతి చేతికి రాకముందు ఇల్లు ఖాళీ చేయించవద్దు, వంటపాత్రలు అమ్మించవద్దు, పిల్లల టీసీ తీయించవద్దు.

ప్రయాణం, ఆపైన

పునరావాస ప్రయాణాలను చాలావరకు అంతర్జాతీయ వలసల సంస్థ, అంటే ఐఓఎం, ఏర్పాటు చేస్తుంది. ఆ సంస్థ ఇచ్చే సంచిలోనే వీసా, వైద్య కాగితాలు ఉంటాయి. దాన్ని చెక్-ఇన్ సామానులో వేయకుండా చేతిలోనే పట్టుకోవాలి, మధ్య విమానాశ్రయాల్లో సిబ్బంది ఆ సంచిని చూసే వారిని గుర్తుపడతారు. టికెట్టు ఖర్చు కొన్ని చోట్ల అప్పుగా రాస్తారు. కెనడా ఈ అప్పు మీద 2018 నుంచి వడ్డీ వేయడం మానేసింది. ప్రయాణానికి ముందు ఇచ్చే పరిచయ తరగతికి తల్లితోపాటు పెద్ద పిల్లలనూ పంపండి. మన ఎండకు అలవాటుపడిన పిల్లలకు స్వెటర్లు, మేజోళ్లు కొనేవారు ఉంటారు, కాని కెనడా చలికి ఇక్కడి స్వెటరు ఆగదు. ఆ డబ్బు చేతికిస్తే అక్కడ పనికొస్తుంది.

మన రెండు జిల్లాల్లో బంధువు విదేశంలో లేని వీధి అరుదు. ఆ కుటుంబం దిగే ఊళ్లో మీ మేనల్లుడో చెల్లెలి కూతురో ఉంటే, కుటుంబం అనుమతితో, మొదటి వారానికి పనికొచ్చే పనులు వాళ్లకు చెప్పండి: విమానాశ్రయానికి రావడం, ఒక బస్తా బియ్యం ఇంట్లో పెట్టడం, బస్సు ఎక్కి దిగడం చూపించడం, ఆరోగ్య కార్డు, పిల్లల బడి, బ్యాంకు ఖాతాలకు తోడు వెళ్లడం. కెనడాలో ప్రభుత్వ సహాయంతో వచ్చిన శరణార్థికి సాధారణంగా ఏడాది వరకు ఆదాయ సహాయం ఉంటుంది. కొత్తగా వచ్చినవారికి ఉచిత భాషా తరగతులు కెనడాలోనూ ఆస్ట్రేలియాలోనూ ఉన్నాయి, కాని భర్త వెనక వచ్చిన భార్య ఇంటికే పరిమితమై ఆ తరగతులు కోల్పోవడం తరచుగా జరిగే విషయం కనుక, ఆమె పేరు విడిగా నమోదు చేయించమనండి. ఏళ్ల తర్వాత కలిసిన దంపతులు మొదటి నెలల్లో ఒకరికొకరు కొత్తవాళ్లలా ఉంటారు, తండ్రిని ఫోనులో తప్ప చూడని బిడ్డ అతని దగ్గరికి పోదు. బంధువులు ఇంటి నిండా చేరి విందులు చేయవలసిన సమయం కాదది. తెలుగు సంఘం వేదిక మీద వాళ్లను నిలబెట్టి సన్మానించే ఆలోచన అసలు వద్దు. పిల్లలు మాత్రం నెల్లూరు బడిలో నేర్చిన తెలుగు మాట్లాడే నేస్తాల కోసం వెతుక్కుంటారు, వారాంతపు తెలుగు తరగతి దగ్గరలో ఉంటే చెప్పండి.

ఇక్కడ మిగిలిన పనులు కొన్ని ఉంటాయి. ఇంటి అడ్వాన్సు తిరిగి ఇప్పించడం, కరెంటు బిల్లు కట్టించడం, వెళ్లిపోయిన సంగతి యూఎన్‌హెచ్‌సీఆర్‌కు, ఎస్పీ కార్యాలయానికి తెలియజేయడం. ముసలి అత్తగారో, వయసు మించిన కొడుకో వెనకే ఉండిపోతే, వారికి విడిగా కొత్త ఫైలు తెరవాలి, ఎందుకంటే చాలా దేశాల్లో వారు శరణార్థి కుటుంబం అన్న నిర్వచనంలోకి రారు, మామూలు కుటుంబ వీసా నియమాలే వర్తిస్తాయి. మొదటి ఫైలు అసలు కాగితాలు కుటుంబంతో వెళ్లి ఉండాలి. మీ దగ్గరున్న జిరాక్సులు, ఫోనులోని ఫోటోలు, జిరాక్సు షాపు కంప్యూటర్లో మిగిలిపోయిన స్కాన్లు ఏం చేయమంటారో వాళ్లను అడిగి, వద్దంటే చింపించి, తుడిపించి, ఆ సంగతి వాళ్లకు తెలియజేయండి.